రోమన్ అంకెల మగ్గంతో ఆత్మకూరుకు

మా వదిన మగ్గం మోత్కూరు నుంచి ఆత్మకూరుకు పోయింది కాబట్టి నేనూ పోయాను. ఈ ప్రయాణానికి ఇంతకంటే గొప్ప కారణం లేదు. దేవరకొండ ఖిల్లా ఎక్కుదామనో, డిండి చెరువు చూద్దామనో బయలుదేరిన మనిషిని కాను. దారిలో అవన్నీ కనబడ్డాయి, చూశాను, అంతే.

మా అన్న పోయి మూడేళ్ళు. వదిన భారతమ్మ మోత్కూరులో కిరాయి ఇంట్లో ఒక్కతే నేస్తూ వచ్చింది. ఈమధ్య ఇంటాయన ఇల్లు పడగొట్టి షాపులు కడతానన్నాడు. కూతురు స్వప్న ఆత్మకూరులో ఉంటుంది. అల్లుడు వెంకటేశానికి సెల్‌ఫోన్ల రిపేరు షాపు, షాపు వెనక ఒక గది. వదిన అక్కడికి పోవడానికి ఒప్పుకుంది గానీ షరతు పెట్టింది.

"కూతురింట్ల ముద్ద తిని గోడకు ఆనుకొని కూసునుడు నాతోని కాదు. మగ్గం వస్తె నేనొస్త. లేకుంటె యాడనన్న కిరాయికుంట."

అల్లుడూ తక్కువవాడు కాదు. "జిరాక్స్ మిషన్‌కు అడ్వాన్స్ ఇచ్చిన. ఐతారం పొద్దుగాల వస్తది. గప్పటికి మగ్గం నిలవడితె గది అత్తమ్మది. కర్రల కుప్ప లెక్కనే ఉంటె మాత్రం మిషన్ పెట్టుకుంట" అన్నాడు ఫోన్లో. మాట కటువుగా ఉన్నా లెక్క సూటిగా ఉంది. నాకు నచ్చింది.

మగ్గం విప్పే రోజు నేను మోత్కూరులోనే ఉన్నాను. నాలుగు గుంజలు, ఎనిమిది అడ్డకర్రలు. ఒక్కో కర్ర చివర కత్తితో కోసిన గాట్లు. నూనె జిడ్డు తుడిచి చూస్తే గుంజల మీద ఒక గీత, రెండు గీతలు, మూడు, నాలుగు. అడ్డకర్రల మీద ఐదు నుంచి పన్నెండు దాకా, ఐదుకు V. పదికి X. అడ్డకర్ర మీద ఏ అంకె ఉందో, అది దూరాల్సిన గుంజ రంధ్రం పక్కన అదే అంకె. ఇల్లు మారినప్పుడల్లా విప్పి బిగించడానికి మా అన్న పెట్టుకున్న గుర్తులు. ఇరవై ఏళ్ళుగా జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతున్నాను. రాజుల పేర్ల పక్కన, పాఠాల తలల మీద, పదో తరగతి సర్టిఫికెట్ల మీద చూసిన రోమన్ అంకెలు మా అన్న మగ్గం మీద కనబడేసరికి నాకు నిద్ర పట్టలేదు. పక్కింటి రాములు కూడా అదే రోజు తన పాత మగ్గం, ఇట్లాంటి గాట్లున్నదే, విప్పి, కర్రలను హోటలు పొయ్యికి అమ్మేశాడు. రెండు మగ్గాల కర్రలూ ఒకే వాకిట్లో పడి ఉండగా మా పన్నెండూ ఏరి వ్యానెక్కించాం. మగ్గం ముందు పోయింది. మేమిద్దరం శనివారం పొద్దున్నే నల్లగొండ బస్టాండులో దేవరకొండ బస్సెక్కాం.

ఆరుంబావుకు బయలుదేరింది. కండక్టరమ్మ మా ఆధార్ కార్డులు చూసి రెండు జీరో టికెట్లు చింపి ఇచ్చింది.

"పారెయ్యకున్రి. చెకింగోళ్ళు ఎక్కితె చూపెట్టాలె."

"ఏమీ లేనిదానికి కాయితం ఎందుకమ్మా?" అన్నాను.

"ఏమీ లేదని రాసి ఉండాలె గద మేడం" అంది, ముందుకు పోతూ.

ఆ మాట నన్ను కనగల్లు దాటేదాకా వదల్లేదు. రోమన్ల దగ్గర ఉండనిది అదే. వెయ్యికి గుర్తు ఉంది, ఐదొందలకు ఉంది, ఏమీ లేకపోవడానికి మాత్రం గుర్తు లేదు. వాళ్ళ రాజ్యంలో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం పెట్టి ఉంటే టికెట్ మీద ఏం గీకేవాళ్ళో. కిటికీ బయట మంచు తేలుతోంది. బత్తాయి తోటల వరసలు గీతలు గీతలుగా వెనక్కి పోతున్నాయి. లెక్కపెట్టబోతే నిద్రొచ్చింది.

నడుమ ఒక చిన్న ఊళ్ళో ఎక్కిన పెద్దావిడ నా పక్కన కూర్చుంది. పేరు సుగుణమ్మ, రిటైరైన టీచరు. దేవరకొండలో చర్చి పనికి పోతోంది. నేనూ చదువు చెప్పేదాన్నేనని అడిగి తెలుసుకుంది. నేను బస్సు టికెట్ వెనక V లు, X లు గీస్తుంటే కాసేపు చూసి, అడక్కుండానే పాఠం మొదలుపెట్టింది.

"ఐదంటె అరచెయ్యి మేడం. నాలుగేళ్ళు ఒక దిక్కు, బొటనేలు ఒక దిక్కు. చూడున్రి, గిది V కాదా? రెండు చేతులు కింద మీద పెడితె X. మా నాయిన కూలికి పోయెటోడు. చర్చోళ్ళ మిషన్ దవాఖానల గోడ గడియారం చూసి గిట్లనే నేర్చుకున్నడు, మాకు నేర్పిండు."

"చెయ్యి బాగనే ఉంది టీచరమ్మా. మరి యాభైకేం పెడతరు, కాలా?"

"ఏమో. మీరే చెప్పున్రి."

చెప్పాను. కర్ర మీద గాట్లు పెట్టి గొర్రెలనో బస్తాలనో లెక్కించేవాడికి ఎనిమిదో గాటుకు వచ్చేసరికి కళ్ళు తిరుగుతాయి. అందుకని ప్రతి ఐదోదాన్ని కొంచెం వేరుగా కోస్తాడు, పదోదాన్ని అడ్డంగా ఇంటు మార్కు పెడతాడు. కత్తికి గుండ్రంగా తిరగడం రాదు, అందుకే అన్నీ తిన్నని గీతలే. రోమన్లకంటే ముందు అదే నేల మీద ఉన్న ఎట్రుస్కన్లు ఐదును తలకిందుల V లాగా కోసేవాళ్ళు. వెయ్యికి మొదట ఉన్నది M కాదు, నిలువు గీత ఉన్న సున్నా చుట్టులాంటి బొమ్మ. దాన్ని సగానికి కోస్తే మిగిలిందే ఐదొందల D. అక్షరాలు తరవాత వచ్చి ఆ గాట్ల మీద కూర్చున్నాయి, ఖాళీ సీటు దొరికినట్టు.

"అంటె మా నాయిన చెప్పింది అబద్ధమా?"

"అబద్ధమని కాదు. పండితులు ఎక్కువమంది గాట్ల దిక్కే ఉన్నరు."

"మా నాయిన ఒక్కడే చెయ్యి దిక్కు ఉన్నడు. ఉండనియ్యున్రి. మీరు పిల్లలను గూడ గిట్లనే కొడ్తరా?"

"కొట్టను. మాటలే."

"గదే అంటున్న" అని, సంచిలోంచి రెండు బత్తాయిలు తీసి ఒకటి నాకిచ్చింది. వాదన నేను గెలిచాననుకున్నాను. బత్తాయి తింటుంటే అంత గట్టిగా అనిపించలేదు.

కొండమల్లేపల్లి దాటాక ఎనిమిదింటికి దేవరకొండ. బస్టాండు బయట మిరపకాయ బజ్జీ, చాయ్. బజ్జీలు వేడిగా ఉన్నప్పుడే తినండి, చల్లారాక పనికిరావు. ఎదురుగా గుట్టల మీద ఖిల్లా గోడ ఎండలోకి అప్పుడే తేలుతోంది. ఆ గోడ రాళ్ళను అక్కడికి మోసినవాళ్ళు ఎట్లా లెక్కపెట్టుకున్నారో, ఏ బండ మీద గీతలు గీశారో అనిపించింది. వదిన చాయ్ ఊదుకుంటూ అడిగింది.

"గా రోమోళ్ళు మగ్గం నేసిన్రా?"

"నేసిన్రు. ఉన్ని బట్టలు."

"గట్లయితె గాట్లు నేసెటోళ్ళయే. గొర్లోళ్ళయి కావు."

"నీకెట్ల తెలుసు?"

"గొర్రెను ఇప్పి మళ్ల బిగిస్తరా?" అంది వదిన.

చాయ్ గొంతులో పడి దగ్గొచ్చింది.

తొమ్మిది దాటాక కల్వకుర్తి బస్సు దొరికింది. సీట్లు కావాలంటే చేతిరుమాలు కిటికీలోంచి వేయండి, మర్యాదకు పోతే నిలబడే పోతారు. డిండి దగ్గర చెరువు ఒక్కసారిగా రోడ్డు పక్కకొచ్చి, ఆకాశమంత వెడల్పుగా పరుచుకుంది. వదిన నా భుజం మీద నిద్రపోయింది. ఆమె చేయి నా ఒడిలో తెరిచి ఉంది, నాలుగు వేళ్ళు ఒకవైపు, పోగు మోసే నాడె విసిరి విసిరి కాయకాచిన బొటనవేలు ఒకవైపు. నీళ్ళ మీది వెలుగు ఆ అరచేతి మీద ఊగుతోంది. సుగుణమ్మ నాయిన గుర్తొచ్చాడు. ఎప్పుడూ చూడని మనిషి గుర్తుకు రావడం ఏమిటో, బస్సుల్లో అట్లాంటివి జరుగుతాయి. దవాఖాన వరండాలో నిలబడి తన చేయి తను చూసుకుంటున్నాడు, పైన గోడ గడియారం తిరుగుతోంది. ఎక్కడో ఏడు గుట్టల రోము ఊళ్ళో ఒక మనిషి మోకాళ్ళ మధ్య కర్ర పెట్టుకుని గాటు కోస్తున్నాడు. ఆ మనిషికి మా అన్న వీపు ఉంది. గాలికి కళ్ళు మూతపడ్డాయి.

కల్వకుర్తిలో అన్నం, పప్పు, గోంగూర, పెరుగు. జొన్నరొట్టె అడిగితే సాయంత్రమే అన్నారు. జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ చేరేసరికి రెండు కావస్తోంది. బస్టాండు నిండా సీతాఫలాల గంపలు. ఒక గంప దగ్గర వదిన బేరం ఆడుతుంటే నేను మధ్యలో దూరాను. అమ్మే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు జరుగు బిడ్డా, మేమిద్దరం మాట్లాడుకుంటున్నం" అంది. జరిగాను. దేవరకద్ర మీదుగా ఆత్మకూరు బస్సు. దిగేసరికి నాలుగు.

మగ్గం కర్రలు గదిలో కుప్పగా ఉన్నాయి. స్వప్న నీళ్ళిచ్చింది. వెంకటేశం షాపులోంచి తల బయటపెట్టి, "వచ్చిన్రా అత్తమ్మా, చిన్నత్తమ్మ గూడ వచ్చిందా? అయితె అయిపోయినట్టే" అన్నాడు. ఏం అయిపోయినట్టో అడగలేదు.

వెలుతురు ఉండగానే మొదలుపెట్టాం. అన్న ఉన్నన్నాళ్ళూ మగ్గం బిగించేది ఆయనే. వదిన నేసేది. నిలబడ్డ మగ్గంలో ప్రతి అంగుళం ఆమెకు తెలుసు, పడి ఉన్న కర్రలు మాత్రం ఆమెకూ కొత్తే. "సదివినదానివి, నువ్వు అంకె చెప్పు, నేను దూరుస్త" అంది. నేను చదివాను. గుంజలు లేచాయి. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది దూరాయి. తొమ్మిది, అంటే V పక్కన నాలుగు గీతలు, దూరింది. పది దూరింది. పన్నెండు దూరింది. చేతిలో ఒక కర్ర మిగిలింది. దాని మీద IX.

మళ్ళీ తొమ్మిది. పదకొండు లేదు.

"గిది మనది కాదు" అన్నాను. "అన్న తొమ్మిది ఇదివరకే దూరింది. ఇది రాములు వాళ్ళ తొమ్మిది. వాకిట్ల కలిసిపోయింది."

వదిన ముఖం తెల్లబడింది. "మరి మన పదకొండు?"

ఇద్దరికీ ఒకేసారి హోటలు పొయ్యి కనబడింది.

"పెట్టి చూద్దాం పా" అంది వదిన. అంకె నాకు కనబడుతున్న వైపు నుంచి పెట్టి చూశాం. సగం కూడా దూరలేదు. గట్టిగా కొడితే పాత గుంజ పగులుతుంది. ఇక అనుమానమే లేదు. నేను వ్యాను డ్రైవరుకు ఫోన్ చేశాను.

"ఏం తమ్మీ, మా పదకొండు నంబరు కర్ర యాడ పారేసినవ్?"

"అక్కా, ఎక్కించినయి పన్నెండు, దించినయి పన్నెండు."

"ఒకటి మాది కాదు."

"గది నాకేం ఎరుక? మీరే ఏరి ఇచ్చిన్రు."

"లెక్క రాదా నీకు?"

"లెక్క వస్తది గనుకనే పన్నెండంటున్నక్కా" అని పెట్టేశాడు. నేను చాలాసేపు ఖాళీ ఫోన్‌కు తిట్లు వినిపించాను.

వదిన ఊరుకోలేదు, నా మీదికి తిరిగింది. "నువ్వే తొందర వెట్టినవ్. ఏరెటప్పుడు గా రోమోళ్ళ కథ చెప్పుకుంట కూసున్నవ్."

"నీ మగ్గం కర్ర నువ్వు గుర్తుపట్టకపోతె నాదా తప్పు?"

"మీ అన్న ఉంటె కండ్లు మూసుకొని పెట్టెటోడు."

నేను ఆ కర్రను నేల మీద పెట్టేశాను. మగ్గం ఒక పక్కకు ఒరిగి నిలబడింది. వెంకటేశం గుమ్మంలో నిలబడి చూశాడు. ఎగతాళి చేయలేదు, అదే ఇంకా బాధ. "కొత్త కర్ర చేయించాల్నంటె వడ్లాయన సోమారం గాని దొరకడు అత్తమ్మా. మిషన్ రేపే. దించినంక దాన్ని మళ్ల జరుపుడు కష్టం" అన్నాడు మెల్లగా. వదిన తల ఊపింది. అన్నం తినేటప్పుడు కూతురితో, "మోత్కూర్ల ఒక అర్ర కిరాయికి చూసి పెట్టుమని రేపు ఫోన్ చేస్త" అంది. స్వప్న కంచంలో చేయి అట్లాగే ఉంచి కూర్చుంది.

పొద్దున నేను ముందే లేచాను. చాయ్ గ్లాసు పట్టుకుని గదికి పెరటివైపున్న గడప మీద కూర్చున్నాను. రాత్రి కూర్చున్నది వీధివైపు. తూర్పు వెలుతురు నేల మీద పాకుతూ వచ్చి ఆ మిగిలిన కర్ర మీద ఆగింది. గాట్లలో నీడ నిండింది. నిద్ర పూర్తిగా వదలని కళ్ళతో చూస్తూ, చదవాలని కూడా అనుకోకుండా చదివాను. XI.

గ్లాసు కింద పెట్టాను. లేచి వీధివైపు పోయి చూశాను. IX. మళ్ళీ ఇటొచ్చాను. XI.

అన్న నాలుగును నాలుగు గీతలుగానే కోశాడు. తొమ్మిదిని V, నాలుగు గీతలుగా కోశాడు. ఆయన లెక్కలో కలపడమే తప్ప తీసేయడం లేదు. పదికి ఎడమపక్క ఒకటి పెట్టి తొమ్మిది అనుకోవడం నాకు బడి నేర్పిన అలవాటు. రోమన్లే దాన్ని ఒక నియమంగా పట్టుకోలేదు, వాళ్ళ రాతి శాసనాల మీద నాలుగు గీతల నాలుగూ ఉంటుంది, V పక్కన నాలుగు గీతల తొమ్మిదీ ఉంటుంది. కాగితానికి తల ఏదో, కాళ్ళేవో తెలుసు. కర్రకు తెలియదు. దొర్లే వస్తువు మీద తీసివేత రాస్తే అది పడుకున్న తీరును బట్టి తొమ్మిదీ అవుతుంది, పదకొండూ అవుతుంది. మా అన్న మగ్గంలో IX అనే అంకే లేదు. ఉన్నది బోర్లాపడ్డ పదకొండు.

"వదినా!" అని అరిచాను. చీపురుతో వచ్చింది. కర్ర తిప్పి చూపించాను. చూసింది, నన్ను చూసింది.

"అంటె రాత్రంతా మనం పదకొండును తలకిందులు వట్టుకొని ఏడ్సినమా?"

"నేను పట్టుకున్న. నువ్వు ఏడ్సినవ్."

"గా డ్రైవరుకు ఫోన్ చెయ్యి ముందుగాల. ఎన్ని తిట్లు తిట్టినవ్ పాపం."

చేశాను. అవతలివాడు, "చెప్పిన కదక్కా, పన్నెండే" అని నవ్వాడు. ఆ సంభాషణలో ఇంతకంటే రాయదగింది లేదు.

తిప్పి పెడితే కర్ర వెన్నలోకి వేలు దిగినట్టు దిగింది. మగ్గం నిటారుగా లేచింది. కానీ గది నేల నీళ్ళు పోవడానికి వాలుగా వేసింది కావడంతో, చేయి వేస్తే కొంచెం ఊగుతోంది. వెనక గుంజలకు ఇంకో అడ్డు కావాలి. అప్పుడే జిరాక్స్ మిషన్ ఆటో వచ్చి షాపు ముందు ఆగింది.

వెంకటేశం మిషన్ను చూశాడు. మగ్గాన్ని చేత్తో ఊపి చూశాడు. షాపులోకి పోయి, మిషన్ కింద బల్లకని తెచ్చిపెట్టుకున్న టేకు చెక్క పట్టుకొచ్చాడు. కొలిచి, కోసి, గుంజల మధ్య ఇరికించాడు. మగ్గం కదలడం మానేసింది. మిషన్ను షాపులో నేల మీదే దించారు. లోపలికి పోవాలంటే ఇప్పుడు మనిషి పక్కకు తిరగాలి.

"ఇరుకే గని, నడుస్తది" అని, జేబులోంచి మార్కర్ తీసి ఆ చెక్క మీద 13 అని రాయబోయాడు.

వదిన ఆపింది. "చెరిగిపోతది. గాటు పెట్టు." అన్న కత్తి తీసి ఇచ్చింది.

"పదమూడెట్ల పెట్టాలె అత్తమ్మా?"

నేను నోరు తెరిచాను. "నువ్వూకో సుజాతా" అంది వదిన. "ఒక ఇంటు మార్కు, పక్కపొంటి మూడు గీతలు. లోతుగ కొయ్యి అయ్యా."

"గిప్పుడే బిగించినం. మళ్ల ఇప్పుతమా ఏంది?"

"నేనున్నన్ని దినాలు ఇప్పేది లేదు. తర్వాత ఇప్పెటోనివి నువ్వే. ఏది యాడ పెట్టాల్నో నీకు ఎరుకుండాలె గద."

 మోకాళ్ళ మీద కూర్చుని కోశాడు. ఫోన్లలో పిన్నంత మరలు విప్పే చేయి, కత్తి మీద కుదురుగా లేదు. మొదటి గీత వంకర పోయింది.

పదిన్నరకు నేను తిరుగు బస్సెక్కాను. స్వప్న జొన్నరొట్టెలు కట్టిచ్చింది. మహబూబ్‌నగర్‌లో గంటసేపు ఆగాలి. అక్కడి నుంచి దేవరకొండ మీదుగా నల్లగొండకు ఒక బస్సుంది, కూర్చుంటే మారే పని లేదు. ఈ దారిన పోదలచినవాళ్ళు సీతాఫలాల కాలంలో పోండి, కిటికీ సీటు పట్టండి, పక్కసీటువాళ్ళతో వాదన పెట్టుకోండి.

డిండి నీళ్ళ మీద ఎండ వాలిపోతోంది. రోమన్ అంకెలతో గుణకారం కష్టం, భాగహారం ఇంకా కష్టం, అందుకే లోకం వాటిని పక్కన పెట్టింది. అది న్యాయమే. కానీ ఒకదాన్ని విప్పి, మోసుకుపోయి, వేరే ఊళ్ళో మళ్ళీ నిలబెట్టడానికి అవి చాలు. కళ్ళు మూస్తే వెంకటేశం కోసిన గాట్లు కనబడ్డాయి. ఒక ఇంటు మార్కు, మూడు గీతలు, అందులో ఒకటి వంకర. ఊరికే మనసులో దాన్ని తలకిందులు చేసి చూశాను. మూడు గీతలు ముందుకొచ్చాయి, ఇంటు మార్కు వెనక్కి పోయింది, అంతే. ఎవరు ఎటునుంచి పట్టుకున్నా అది ఇంకో అంకె అయ్యేది కాదు.